షిరాజ్ పేరు, రోన్ వేరు

పెద్దమందడి మా ఊరు. మా పక్క మద్యమంటే ఈతకల్లే. ద్రాక్షమద్యం మాకు పద్యాల్లో తప్ప ఎదురుపడేది కాదు. అటువంటి నేను ఒక ఎర్రని వైను పుట్టుపూర్వోత్తరాలు రాయబూనడానికి కారణం, ఒకప్పుడు నేను చేసిన పొరపాటును దిద్దుకోవడమే.

కొన్నేళ్ళ క్రితం వనపర్తిలో మిత్రులు కూడినచోట ఒక కథ చెప్పాను. బహమనీ సుల్తాను రెండవ మహమ్మద్ షా (1378–1397) పారశీక మహాకవి హాఫిజ్‌ను దక్కనుకు ఆహ్వానించాడట. కవి షిరాజ్ నగరం విడిచి, హోర్ముజ్ రేవులో ఓడ ఎక్కాడు. ఇంతలో తుఫాను రేగింది. ఆయన బెదిరి ఓడ దిగి, సుల్తానుకు ఒక గజల్ పంపి, ఇంటిదారి పట్టాడు. ఇది చరిత్రకారుడు ఫిరిస్తా చెప్పిన కథ. అంతటితో ఊరుకొని ఉంటే బాగుండేది. "కవి రాకపోతేనేం, ఆయన ఊరి ద్రాక్ష వచ్చింది. నేడు బెంగళూరు దగ్గర పండే షిరాజ్ అదే" అని ముగించాను. అందరూ తలలూపారు. ఒక కుర్రవాడు మాత్రం "ఆధారమేమిటండీ?" అన్నాడు. నా దగ్గర ఆ పేరు తప్ప మరేమీ లేదు.

నేను చెప్పిన తోటలు నంది కొండల దిగువన, తెలుగు కూడా వినిపించే సీమలో ఉన్నాయి. 1988లో మొదలైన గ్రోవర్ సంస్థ అక్కడ ఫ్రెంచి ద్రాక్షజాతులను పెంచింది. వారి పేరుపడ్డ వైను 'లా రిజర్వ్'. కాబెర్నే సావిన్యాన్, షిరాజ్ అనే రెండు నల్లద్రాక్షల మేళవింపు అది.

దీని గుణం అర్థం కావాలంటే నేరేడుపండు తలచుకోండి. తిన్నాక నాలుకను పట్టే వగరే ఇక్కడా ఉంటుంది. ద్రాక్షరసం నిజానికి దాదాపు రంగులేనిది. తొక్కలతో కలిపి పులియబెట్టడం వల్లనే ఎరుపూ వగరూ దిగుతాయి. కాబెర్నే వగరునూ బిగువునూ ఇస్తుంది. కానీ గుటక నడుమ ఒక్కోసారి వెలితి తోస్తుంది. ఆ వెలితిని షిరాజ్ తన పండుతనంతో, మిరియపు ఘాటుతో పూడుస్తుంది. రెండూ కలిసినప్పుడు నోరంతా నిండే చిక్కదనం వస్తుంది. ఈ కలయిక కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దంలో బోర్డో వర్తకులు తమ పలుచని వైనుకు బలం చేకూర్చడానికి, రోన్ నదీతీరాన ఎర్మిటాజ్ కొండపై పండిన వైనును కలిపేవారు. ఆ కొండమీది ద్రాక్ష పేరు సిరా. సిరా, షిరాజ్ ఒకటే. 1832లో జేమ్స్ బస్బీ ఐరోపా తీగలను ఆస్ట్రేలియాకు చేర్చాడు. కాలక్రమంలో అక్కడ షిరాజ్ అన్న పలుకుబడి స్థిరపడింది.

మరి పారశీక నగరంతో చుట్టరికం? 1998లో డీఎన్ఏ పరీక్ష ఆ మాట తేల్చింది. సిరా తల్లిదండ్రులు దురేజా, మాందూజ్ బ్లాన్ష్ అనే ద్రాక్షలు. రెండూ ఆగ్నేయ ఫ్రాన్సువే. హాఫిజ్ నగరానికి ఈ తీగతో సంబంధం లేదు. అంతకు ఏడాది ముందు, 1997లో, కాలిఫోర్నియా పరిశోధకులు కాబెర్నే గుట్టు ప్రకటించారు. అది కాబెర్నే ఫ్రాన్, సావిన్యాన్ బ్లాన్ అనే రెండు ద్రాక్షలకు పుట్టిన బిడ్డ.

ఇక్కడ నన్ను ఆపివేసిన విషయం ఒకటుంది. దురేజా నల్లద్రాక్ష, మాందూజ్ బ్లాన్ష్ తెల్లద్రాక్ష. కాబెర్నే ఫ్రాన్ నలుపు, సావిన్యాన్ బ్లాన్ తెలుపు. ఇంత ముదురు ఎరుపునిచ్చే రెండు జాతులకూ తెల్లద్రాక్ష రక్తం సగం! మనం మేళవింపు అంటున్నది సీసాలో మొదలైనది కాదు. ఎన్నడో ఏదో తోటలో గాలికి కలిసిన పుప్పొడితోనే మొదలైంది.

మన పల్లెల్లో ఇంటింటికీ ఒక వంశకథ ఉంటుంది. ఏదో పేరున్న నగరం నుంచి తరలివచ్చామనడం మనకు ఇష్టం. నేను ఆ ద్రాక్షకు కట్టిన కథ కూడా ఆ బాపతుదే. పేరు చూసి వేరు నిర్ణయించాను. హాఫిజ్ ఓడ కథ ఇప్పటికీ నాకు ప్రియమైనదే. కానీ దాన్ని కథగానే చెబుతాను. ఆనాడు ఆ కుర్రవాడికి నేను బదులివ్వలేదు, మాట మార్చాను. అతని ప్రశ్నకు, ఆలస్యంగానైనా, ఇదే నా సమాధానం.