కొండ నీరు, కొల్లేటి నీరు: కాపలా హక్కు ఎలా వచ్చింది

తమ్మిలేరు ఖమ్మం వైపు కొండల్లో పుట్టి, చింతలపూడి మీదుగా ఏలూరు చేరి, కొల్లేట్లో కలుస్తుంది. ఎర్రకాలువ ఏజెన్సీ వైపు నుంచి తాడేపల్లిగూడెం దగ్గరి పొలాల్లోకి దిగుతుంది. పైన కొండ తవ్వినా, అడవి నరికినా కింది నీటిలో తెలిసిపోతుంది. పైన కోయలు, కొండరెడ్లు, కింద యానాదులు, ఎరుకలు. మనమంతా ఒకే నీటి దారిలో బతుకుతున్నాం. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కొల్లేటి కథను, ఏజెన్సీ కథను కలిపే చెబుతాను.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు లేచి నీటి దారులు మూసుకుపోయాక, 1999లో ప్రభుత్వం +5 కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో గట్లు కొట్టేశారు. ఆ గట్లు ఒక్క రాత్రిలో లేచినవి కావు. ఏ ఏడు ఏ దారి మూసుకుపోయిందో, వలలో ఏ చేప తగ్గిందో అందరికంటే ముందు తెలిసింది వల వేసేవారికే. వాళ్లు కళ్లారా చూసినదానికి కాగితం మీద విలువ లేదు. చివరికి యంత్రాలు వచ్చినప్పుడు పెద్ద చెరువుల వాళ్లతో పాటు చిన్నవాళ్లూ నష్టపోయారు.

కొండల్లో కథ వేరేగా నడిచింది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల పల్లెల్లో, నిమ్మలపాడులో, గిరిజనుల భూముల మీద ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చారు. 'సమత' అనే సంస్థ ఆ పల్లెల తరఫున హైకోర్టుకు వెళ్లింది. 1995లో అక్కడ కేసు కొట్టేశారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని మన 1/70 చట్టం చెబుతోంది కదా, మరి ప్రభుత్వమే ఇస్తే? ప్రశ్న అదే. 1997 జులై 11న తీర్పు వచ్చింది. చట్టంలోని 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, కాబట్టి అది కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజు ఇవ్వకూడదని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు చెప్పారు. గని నడిచే చోట నికర లాభంలో కనీసం 20 శాతాన్ని నీటి వసతి, బడి, ఆసుపత్రి, రోడ్ల వంటి వాటికి శాశ్వత నిధిగా పెట్టాలని, అడవి తిరిగి పెంచే ఖర్చు అందులో కలపకూడదని కూడా అన్నారు. ఆ చివరి మాటను చాలామంది మరిచిపోతారు. నాకైతే తీర్పులో అదే గట్టి మాట అనిపిస్తుంది.

ఆ తర్వాత 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందులో 5వ సెక్షన్ తప్పకుండా చదవండి. అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను, వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం అది గ్రామసభకు ఇచ్చింది. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలన్నప్పుడు, సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. పోలవరం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కుక్కునూరు, వేలేరుపాడు వైపు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం ఉంది. ఇసుక, కంకర వంటి చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు కావాలి. కొల్లేటి ఒడ్డున, తాడేపల్లిగూడెంలో ఉండే మన యానాది, ఎరుకల కుటుంబాలకు ఆ రక్షణ లేదు. తెగ పేరు జాబితాలో ఉన్నా, ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉండదు.

మరి మైదానంలో చేతికి దొరికేదేమిటి? ముందుగా లెక్క రాయడం. 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, ఆ అంకెలు ఊరి బోర్డు మీద రాశారు, వాటిని చూసి పంట నిర్ణయించుకున్నారు. వాళ్లలో బడి చదువు తక్కువున్న ఆడవాళ్లూ ఉన్నారు. మన దగ్గర 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు పెద్ద సంస్థలన్నీ వచ్చి నీళ్లు, రక్తం పరీక్షించాయి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. వీధుల వాళ్ల చేతిలో అంతకుముందు నెలల నీటి లెక్క ఒకటి ఉంటే పోల్చి చూడటానికి ఎంత పనికొచ్చేదో.

రెండోది, 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్. ప్రజాభిప్రాయ సేకరణ గురించి అందరూ మాట్లాడతారు. దాని తర్వాతి సంగతి ఎవరూ మాట్లాడరు. ఆ నోటిఫికేషన్ కింద అనుమతి పొందిన ప్రాజెక్టు, పెట్టిన షరతులు ఎంతవరకు పాటించిందో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. మీ ఊరి పక్కన గని గానీ, పెద్ద ఫ్యాక్టరీ గానీ ఉంటే దాని పేరు రాసుకోండి, నివేదిక అడిగి తెచ్చుకోండి, మీ నోటు పుస్తకంలోని తేదీల పక్కన పెట్టి చదవండి. డిగ్రీ చదివే పిల్లలకు ఇది ఒక ఆదివారం పని.