కాన్‌బాన్

జపాన్‌లో దుకాణం ముందు కట్టే బోర్డు పేరు కాన్‌బాన్. దాన్ని ఫ్యాక్టరీ మాటగా మార్చింది టొయోటా ఇంజనీరు తాయిచి ఓనో. అమెరికా సూపర్‌మార్కెట్లలో అమ్ముడుపోయినంత సరుకునే మళ్లీ అరల్లో నింపే పద్ధతి ఆయనకు నచ్చింది. దాన్నే 1953లో టొయోటా మెషీన్ షాపులో అమలులో పెట్టారు. సరుకు అడిగే చీటీకే ఈ పేరు స్థిరపడింది.

నట్లు, వాషర్ల దగ్గర దీని సులువు తెలుస్తుంది. ఒక్కో వాషరూ లెక్కరాస్తే దాని ఖరీదు కన్నా గుమాస్తా జీతమే ఎక్కువ! అందుకే రెండు డబ్బాలు పెడతారు. ముందుది ఖాళీ కాగానే దాని చీటీ స్టోర్స్‌కు వెళ్తుంది. సరుకొచ్చేదాకా రెండోది ఆదుకుంటుంది.

చిక్కంతా డబ్బా కొలతలోనే. రోజుకు 500 స్క్రూలు వాడుతూ, సరుకు రావడానికి 4 రోజులు పడితే, ఒక్కో డబ్బాలో 2,000కు పైనే ఉండాలి. లేదంటే రూపాయి స్క్రూ కోసం లైనంతా ఆగుతుంది.