గాలికి గొళ్ళెం

ఎల్లారెడ్డిలో మా మేనమామగారి పాత ఇల్లు విప్పుతున్నప్పుడు, అటక మీది చెక్కపెట్టెలో ఒక పలుచని పుస్తకం దొరికింది. చూడటానికి పోస్టాఫీసు పాసుపుస్తకంలా ఉంది. తెరిచి చూస్తే అది మా తాతగారి రేడియో లైసెన్సు. ఏడాదికొకసారి తపాలా కార్యాలయానికి వెళ్ళి రుసుము కట్టి ముద్ర వేయించుకున్న గుర్తులు పేజీ పేజీకీ ఉన్నాయి. ఆ పుస్తకాన్ని చేతిలో పట్టుకుని నేను చాలాసేపు నిలబడిపోయాను. ఎందుకంటే ఆ పూట నేను కామారెడ్డి నుంచి బస్సెక్కి వచ్చింది మామ ఇంటి వైఫైని సరిచేయడానికి. వినడానికి కూడా అనుమతి కావలసిన కాలం నుంచి, ఎవరి అనుమతీ లేకుండా ప్రతి ఇల్లూ ఒక ప్రసార కేంద్రమైన కాలం దాకా మనం ఎలా వచ్చామన్న ప్రశ్న ఆ క్షణంలోనే నా మనసులో పడింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నాకు నేను చెప్పుకున్న సమాధానం. నేను ఈ విద్యలో పండితుణ్ణి కాను. తీరిక వేళల్లో తీగలతో, తీగలేని వాటితో చెలగాటమాడే అభిలాషిని మాత్రమే.

తీగ లేని కబురుకు రహస్యం లేదన్న సంగతి ఆ విద్య పుట్టిన కొత్తలోనే లోకానికి తెలిసింది. 1903 జూన్‌లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త, మార్కోనీ కనిపెట్టిన నిస్తంత్రీ పద్ధతిని సభకు ప్రదర్శించబోతున్నాడు. తన యంత్రాలు ఒకే శ్రుతికి కట్టుబడి ఉంటాయి కనుక మరొకరు చొరబడలేరని మార్కోనీ అంతకుముందే ధీమాగా చెప్పి ఉన్నాడు. తీరా సభ నడుస్తుండగా గ్రాహకయంత్రం దానంతట అదే టకటక మోగుతూ మార్కోనీని ఎగతాళి చేసే మాటలను పలకడం మొదలుపెట్టింది. దగ్గరలోనే ఒక ప్రసారయంత్రం పెట్టి ఆ పని చేసినవాడు నెవిల్ మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు. ధీమాకు, భద్రతకు ఉన్న దూరాన్ని కొలిచి చూపిన మొదటి మనిషి బహుశా అతడే.

ఇక మన దేశం సంగతి. 1933 నాటి నిస్తంత్రీ చట్టం ప్రకారం రేడియో పెట్టె కలిగి ఉండటానికి లైసెన్సు తప్పనిసరి. 1980ల మధ్యలో ఆ నిబంధన పోయింది. అటుపైన ఇరవై ఏళ్ళకు, 2005 జనవరిలో, కేంద్ర ప్రభుత్వం 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు ఉన్న తరంగాల పట్టీని, తక్కువ శక్తి గల పరికరాలకు లైసెన్సు అక్కరలేకుండా విడిచిపెట్టింది. అప్పట్లో వైఫై నడిచింది ప్రధానంగా ఆ పట్టీ మీదే. అదే నెలలో బీఎస్ఎన్ఎల్ తన బ్రాడ్‌బ్యాండ్ సేవలను ప్రారంభించింది. ఈ రెండు సంఘటనలూ పక్కపక్కనే జరగడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ మాబోటి చిన్న పట్టణాలవాళ్ళ ఇళ్ళలోకి రానున్న ఏళ్ళలో ఆ రెండూ ఒకే డబ్బాలో కలిసి వచ్చాయి.

లైసెన్సు తీసివేయడమంటే కాపలాదారును తీసివేయడం కూడా. తాతగారి కాలంలో తలుపు దగ్గర సర్కారు నిలబడి ఉండేది. ఇప్పుడు తలుపు మనది, తాళమూ మనదే. అయితే ఆ తాళం సరైనదేనా?

వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో వెలువడింది. దానితోపాటే వచ్చిన తాళం పేరు వెప్. ఆ పేరులోని ఆశయం నిరాడంబరమైనది. తీగ మీద నడిచే కబురుకు ఎంత గోప్యత ఉంటుందో, గాలిలో నడిచే కబురుకూ అంత కల్పించాలన్నదే. అందుకు వాడుకున్నది 1987లో రాన్ రివెస్ట్ రూపొందించిన ఆర్‌సీ4 అనే సంకేత పద్ధతి. మొదట తాళంచెవి పొడుగు 40 బిట్లు. ఎగుమతుల మీద అమెరికా పెట్టిన ఆంక్షల మూలంగా అంతకు మించి ఇవ్వలేకపోయారు. తరువాత అది 104 బిట్లకు పెరిగింది.

లోపం తాళంచెవి పొడుగులో లేదు. పంపే ప్రతి పొట్లానికీ కొత్త ముద్ర పడాలని, తాళంచెవికి ముందు 24 బిట్ల సంఖ్య ఒకటి చేర్చి పంపేవారు. 24 బిట్లంటే 1,67,77,216 సంఖ్యలు. చెప్పుకోవడానికి కోటిన్నర పైమాటే కానీ, రద్దీగా ఉన్న నెట్‌వర్క్‌లో అవి కొన్ని గంటల్లో అయిపోయి మళ్ళీ మొదటికి వస్తాయి. 2001లో బెర్క్‌లీకి చెందిన బోరిసోవ్, గోల్డ్‌బెర్గ్, వాగ్నర్ ఈ డొల్లతనాన్ని బయటపెట్టారు. అదే ఏడాది ఫ్లూరర్, మాంటిన్, షమీర్ మరొక అడుగు ముందుకు వేసి, కొన్ని రకాల సంఖ్యలు పడినప్పుడు తాళంచెవి తాలూకు ముక్కలే బయటికి కారుతున్నాయని నిరూపించారు. కొద్ది నెలలకే ఆ పని చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పిష్కిన్, ట్యూస్, వైన్‌మన్ అనే ముగ్గురు, 104 బిట్ల వెప్‌ను నిమిషంలోపు విప్పి చూపారు. అదే సంవత్సరం వివేక్ రామచంద్రన్, మహ్మద్ సొహైల్ అహ్మద్ అనే మనవాళ్ళిద్దరు, అసలు ఆ నెట్‌వర్క్ ఛాయలకు కూడా పోకుండా, ఎక్కడో కాఫీహోటల్లో కూర్చున్న ల్యాప్‌టాప్ నుంచే దాని ఇంటి తాళంచెవిని రాబట్టవచ్చునని చూపారు.

ఇవన్నీ నేను ఎంతో ఇష్టంగా చదువుకున్నాను. చదివి, నాకేదో తెలుసుననుకున్నాను. ఆ గర్వం ఎలా దిగిందో ఇప్పుడు చెప్పాలి.

2010లో కామారెడ్డిలో మేము మేడమీది వాటాలో అద్దెకుండేవాళ్ళం. నెలకింత అని లెక్కగట్టిన కనెక్షను. ఒక నెల బిల్లు మూడింతలు వచ్చింది. మోడెం పేజీ తెరిచి చూస్తే మా ఒక్క కంప్యూటరుకు తోడు మరో రెండు యంత్రాల జాడలు కనిపించాయి. నా గుండె ఝల్లుమంది. దానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. అప్పటికి రెండేళ్ళ క్రితమే, 2008 జులై 26న అహ్మదాబాదు పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు వచ్చిన బెదిరింపు లేఖ, నవీ ముంబయిలో ఒక విదేశీయుడి ఇంటి వైఫై నుంచి వెళ్ళినట్టు తేలింది. ఆ నెట్‌వర్క్‌కు రక్షణ లేదు. పోలీసులు మొదట తట్టింది ఆయన తలుపే. తాను పంపలేదని తేలేలోగా ఆయన పడ్డ అవస్థ పత్రికలన్నీ రాశాయి. ఆ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనూ ఇటువంటి లేఖలే ముంబయిలో ఒక కళాశాల నుంచి, ఒక వ్యాపార సంస్థ నుంచి వెళ్ళాయి. 2009 జనవరిలో ముంబయి పోలీసులు తాళం లేని వైఫైలను వెతుక్కుంటూ వీధులు తిరిగారు. ఫిబ్రవరిలో టెలికాం శాఖ, వైఫై వాడేదెవరో గుర్తించే ఏర్పాటు ఉండాలని సేవాసంస్థలకు ఆదేశాలిచ్చింది. గాలిలో నీ పేరు మీద ఎవరు తిరిగినా జవాబుదారీ నీదే అన్న పాఠం అప్పుడే దేశమంతటా ఎక్కింది.

కనుక నేను నా విద్యనంతా కూడగట్టుకున్నాను. మా మోడెంలో ఉన్నది వెప్. ఎవడో డార్మ్‌స్టాట్ పద్ధతిలో పొట్లాలు ఏరుకుని తాళం విప్పి ఉంటాడని నిశ్చయించుకున్నాను. పోలీసు స్టేషనుకు వెళ్ళాలా అని కూడా ఆలోచించాను. రెండు రోజుల తరువాత కింది వాటాలోని ఇంటర్ చదివే పిల్లవాడు మెట్లమీద కూర్చుని సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో పాఠాలు చూస్తూ కనిపించాడు. తాళం ఎట్లా విప్పావురా అని అడిగితే బిత్తరపోయాడు.

"ఇప్పుడేంది అన్నా, మీ ఇంటి ఫోన్ నంబర్ మాకు ఎరుకే గద! గదే కొట్టిన, కలిసింది."

నేను నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి. 40 బిట్ల వెప్ తాళంచెవి కచ్చితంగా పది అంకెలు ఉండాలి. ఎస్టీడీ కోడులోని మొదటి సున్నను తీసేస్తే ల్యాండ్‌లైన్ నంబరూ పది అంకెలే. మోడెం బిగించిన కుర్రవాడు, గుర్తుంటుందని అదే నంబరును పెట్టి వెళ్ళాడు. ఆ నంబరు కింది వాటావాళ్ళకు కంఠతా వచ్చు. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో వాళ్ళు తమ చుట్టాలందరికీ పీపీ నంబరుగా ఇచ్చుకున్నది దాన్నే మరి! ఎన్ని రాత్రులు నేనే మెట్లు దిగి "మీకు ఫోనొచ్చిందమ్మా" అని పిలిచి ఉంటాను. షమీర్‌గారి సిద్ధాంతం అవసరం అక్కడ ఎవరికీ పడలేదు. పదేళ్ళ ఇరుగుపొరుగుతనమే తాళం తీసింది.

పిల్లవాడి తల్లి సాయంత్రం బిల్లులో సగం డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది. నేను తీసుకోలేదు. తన కొడుకు దొంగతనం చేశాడా అని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేదు. చట్టం ప్రకారమైతే ఉంది. ఐటీ చట్టం, అనుమతి లేకుండా మరొకరి నెట్‌వర్క్‌లోకి పోవడాన్ని తప్పుగానే చూస్తుంది. కానీ మా ఊళ్ళలో వేసవి వస్తే ఇంటి ముందు చలివేంద్రం పెట్టేవాళ్ళం. కుండకు తాళం వేయడం ఎరగం. ఫోను పంచుకున్నాం, పేపరు పంచుకున్నాం, టీవీ పంచుకున్నాం. ఇది మాత్రం పంచుకోకూడనిదని ఆ పిల్లవాడికి ఎవరు చెప్పారు?

ఆ రాత్రి నేను చేసినది ఇది. తాళాన్ని డబ్ల్యూపీఏ2కు మార్చాను. వెప్ పడిపోయాక 2003లో, ఉన్న పరికరాల మీదే నడిచేలా డబ్ల్యూపీఏ అనే తాత్కాలిక తాళం వచ్చింది. 2004లో పూర్తి స్థాయి ప్రమాణంగా డబ్ల్యూపీఏ2 వచ్చింది. అందులో ఉన్నది ఏఈఎస్ అనే సంకేత పద్ధతి. ఈనాటికీ దాన్ని నేరుగా విరిచినవారు లేరు. తరువాత కొత్త సంకేతపదాన్ని ఒక కాగితం మీద రాసి, మరునాడు ఆ పిల్లవాడి చేతికిచ్చి, ఇది నీ ఒక్కడికే, దీనితో జరిగే ప్రతి పనికీ జవాబు చెప్పవలసింది నేనని నవీ ముంబయి కథ అంతా చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. మేము ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా బిల్లు మళ్ళీ పెరగలేదు.

ఇప్పుడు మళ్ళీ ఎల్లారెడ్డికి. మామది ఎరువుల దుకాణం. ఇంటికీ దుకాణానికీ ఒకటే ఫైబర్ కనెక్షను. సంకేతపదం ఏమిటని అడిగితే దుకాణం బోర్డు వైపు చెయ్యి చూపాడు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించిన సెల్ నంబరు! వెప్ పోయి ఏళ్ళు గడిచినా, పది అంకెల అలవాటు మాత్రం మనలను వదలలేదు.

"మనింట్ల దాసుకునేటందుకు ఏమున్నది అల్లుడా?" అన్నాడు మామ.

బోర్డు సంగతి అటుంచి, అసలు ఫోను నంబరు ఎంత బలహీనమో కాగితం మీద లెక్క కట్టి చూపాను. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలవుతాయి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. డబ్ల్యూపీఏ2లో పరికరం చేరేటప్పుడు జరిగే పలకరింపును ఒక్కసారి పట్టుకుంటే చాలు, ఇంటికి పోయి తీరికగా ఊహలు సరిచూసుకోవచ్చు. ప్రతి ఊహకూ 4096 చుట్లు లెక్క చేయవలసి ఉన్నా, నేటి మేలైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు 10 లక్షలకు పైగా ఊహలను చూడగలదు. 400 కోట్లకు పట్టేది గంటా ఏడు నిమిషాలు. మామ భోంచేసి కునుకు తీసి లేచేంత సేపు.

డబ్బా మీది మీట నొక్కితే కలిసే డబ్ల్యూపీఎస్ సదుపాయాన్నీ ఆపివేశాను. దానికి ఎనిమిదంకెల పిన్ ఉంటుంది. దాన్ని రెండు సగాలుగా వేరువేరుగా సరిచూస్తుంది కనుక, కోటి ప్రయత్నాలకు బదులు 11,000తో పని ముగుస్తుందని 2011 చివర్లో స్టెఫాన్ వీబోక్ తేల్చాడు. ఇక 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్, డబ్ల్యూపీఏ2 పలకరింపులోనే లోపం పట్టి క్రాక్ అని పేరుపెట్టాడు. పరికరాల సాఫ్ట్‌వేరును నవీకరిస్తే అది మూసుకుంటుంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3లో, ఇంటికి తీసుకుపోయి తీరికగా ఊహించే వీలు తీసివేశారు. మరుసటి ఏడాదే వాన్‌హూఫ్, ఎయాల్ రోనెన్ దానిలోనూ పగుళ్ళు చూపారు. తాళాలు చేసేవాడూ తీసేవాడూ ఒకరికొకరు గురువులు అన్నదే ఈ చరిత్ర సారాంశం.

మామ ప్రశ్నకు జవాబు మిగిలింది. దాచుకునేందుకు ఏమీ లేదన్నది నిజం కాదు. దుకాణం లెక్కలు, కెమెరా, ఎరువులమ్మే యంత్రం, అన్నీ ఆ గాలి మీదే ఉన్నాయి. బ్యాంకు పేజీలు తమ సంకేతాలను తామే మోసుకొస్తాయి కనుక వాటికి భయం కొంత తక్కువ. అయితే అవన్నీ ఒక ఎత్తు, పేరు ఒక ఎత్తు. దోచుకోవడానికి ఏమీ లేని ఇంటికీ ఒక పేరుంటుంది. ఆ పేరు మీద మరొకడు ఉత్తరం రాయగలడు.

నాలుగు మాటలు కలిపి ఒక పొడుగాటి సంకేతపదం పెట్టాను. మా తాతగారు, ఆయన ఎద్దు, మామిడితోట, ఒక తిట్టు కలిసిన పదం అది. మామ నవ్వి వెంటనే బట్టీ పట్టాడు. వచ్చిపోయేవాళ్ళ కోసం రూటర్‌లోనే అతిథి నెట్‌వర్క్ వేరుగా తెరిచి, దానికి వేరే సంకేతపదం పెట్టి, దాని పేరు "చలివేంద్రం" అని రాశాను. కుండ బయట ఉంది. ఇంటి తలుపుకు గొళ్ళెం ఉంది.

తాతగారి లైసెన్సు పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద, రూటర్ పక్కనే ఉంది.