ప్రసవ వ్యయం (ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం)

ప్రసవ వ్యయం అంటే గర్భిణి పరీక్షలు, కాన్పు, మందులు, రక్తం, ప్రయాణం, పసిబిడ్డ వైద్యం కలిపి అయ్యే ఖర్చు. ఎవరు చెల్లించాలన్నది ఆయా వైద్య వ్యవస్థను బట్టి మారుతుంది.

ప్రభుత్వ రంగం: ఏలూరు సర్వజన ఆసుపత్రి, తాడేపల్లిగూడెం ప్రాంతీయ ఆసుపత్రి వంటి చోట్ల, 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కాన్పు ఉచితం. సిజేరియన్‌కూ రుసుము లేదు. సాధారణ కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజుల వరకు భోజనం పెడతారు. రానుపోను రవాణా కూడా ఉచితమే. 2005లో వచ్చిన జననీ సురక్ష యోజన అర్హులైన తల్లులకు నగదు ఇస్తుంది. అయినా తోడు వచ్చినవారి తిండి, పోయిన కూలి కుటుంబం మీదే పడతాయి. కొల్లేరు లంక గ్రామాలవారికి దూరం అదనపు భారం.

ప్రైవేటు రంగం: గది, శస్త్రచికిత్స, మత్తు వైద్యుడు, నవజాత శిశు విభాగాలను బట్టి బిల్లు పెరుగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో సిజేరియన్లు 63 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుమారు 27 శాతం. తొలి కాన్పు పుట్టింట జరిపే ఆచారం వల్ల ఈ ఖర్చు తరచు అమ్మాయి తల్లిదండ్రులే భరిస్తారు.

విదేశాలు: బ్రిటన్‌లో 1948 నుంచి జాతీయ ఆరోగ్య సేవ పన్నుల సొమ్ముతో కాన్పులు చేస్తోంది. అమెరికాలో బీమా ఉన్నా, పాలసీ నిబంధనల మేరకు కొంత మొత్తం చేతి నుంచి కట్టాలి. అక్కడి తెలుగు కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది.