ఓడమాటలు - ఓరుగల్లు సీమ

మన కాటారము సముద్రమునకు బహుదూరము. చుట్టును అడవి. పెద్దనీరన్నచో గోదావరియే, దానిని చూడవలెనన్నను మహాదేవపురము దాటి కాళేశ్వరము చేరవలెను. అయినను ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెత మన నోట ఆడుచునే యుండును. మేలుచేసినవానిని మరచినవానిని చూచి, ఏరు దాటుదాక ఓడమల్లయ్య, దాటిన పిమ్మట బోడిమల్లయ్య యందుము. ఓడ నెరుగని ఊరికి ఓడమాట లెట్లు వచ్చెనని నేను చాలకాలము విచారించితిని. నాకు తోచిన దేమనగా, సరకు నడచిన త్రోవనే మాటయు నడచును. సరకు ఆగినచోట మాటయు ఆగును.

ఈ మాటలను జల్లెడపట్టి చూచితిమా, రెండు రాసు లగును. ఓడ, కలము, పడవ, తెప్ప, తెడ్డు, గడ, రేవు - ఇవి మన నేల మాటలు. రేవు చాకిరేవై ఊరూరి చెరువుకడను కలదు. తెరచాప యన్నను తెర, చాప అను రెండు ఇంటిమాటల కలయికయే. ఏరు దాటించినవాని కిచ్చు కూలికి కేవు అను చక్కని మాట యుండెను. నేటి పిల్లలు దాని నెరుగరు. రెండవ రాశి కడలి దాటి వచ్చినది. ఓడను మలుపు చుక్కాని అరబ్బుల సుక్కాను. చుక్కను చూచి నడపుదురు గనుక చుక్కాని యైనదని కొంద రందురు. వినుట కింపే గాని నిజము కాదు. ఓడను నిలుపు లంగరు, నావికుల పెద్దయగు సరంగు, మచిలీపట్టణమునకు పేరైపోయిన బందరు - ఈ మూడును పారసీక పదములు. ఇందు మనకు చిన్నతన మేమియు లేదు. ఒక ఓడపై కలిసి పనిచేసినవారి మాటలు కలియకుండునా?

ఈ ఓడలతో మన సీమకు సంబంధ మేమందురేమో. మన ప్రాంతము నేలిన కాకతీయ గణపతిదేవుని రేవు మోటుపల్లి. అది నేటి బాపట్ల జిల్లాలో, సముద్రతీరమున నున్నది. శాలివాహన శకము 1166, అనగా క్రీ.శ. 1244లో ఆయన అచ్చట వర్తకులకు అభయశాసనము వేయించెను. అంతకు ముందు, ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవు ఓడ గాలివానకు చిక్కి, బ్రద్దలై తీరమున పడినచో, అందలి ఏనుగులు, గుఱ్ఱములు, బంగారము సమస్తమును ఆ తీరపు రాజులు బలిమిని గైకొనుచుండిరి. అది దోపిడి యనిపించుకొనలేదు. రాజుల హక్కు అనిపించుకొనెను. ప్రాణముతో ఒడ్డుచేరిన వర్తకుడు, తన సొత్తును రాజభటులు మోసికొని పోవుచుండగా చూచుచు నిలువవలసినదే. గణపతిదేవుడు ఆ హక్కును వదలుకొనెను. నియతమైన సుంకము తప్ప వేరేమియు ముట్టనని పలికెను. ఎగుమతికైనను దిగుమతికైనను ముప్పదింట నొకపాలు సుంకము. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియములు, పోకలు - దేనికెంత యను వివరము శాసనముననే కలదు. కరుణచేతను, ధర్మము కొఱకును, కీర్తి కొఱకును ఇట్లు చేసితినని రాజు చెప్పెను. అందు లెక్కయు కలదని నా తలంపు. పగిలిన ఓడ ఒక్కమారే దొరకును. బ్రదికిన వర్తకుడు ఏటేట వచ్చును. ఆ శతాబ్ది చివర వెనీసు యాత్రికుడు మార్కో పోలో ఈ సీమను ముట్ఫిలి పేర వర్ణించెను. కాకతీయుల ఏలుబడి ముగిసిన తరువాత, 1358లో, అనపోతరెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయ మిచ్చెను.

ఇక మన గోదావరి మాట. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసెను. దానిని కట్టించిన ఆర్థరు కాటను దొర, వార్ధా సీమ ప్రత్తిని ప్రాణహిత గోదావరుల మీదుగా పడవలపై సముద్రమునకు దింపవలెనని సంకల్పించెను. 1860లో నిజాము ప్రభుత్వమునుండి ఎడమ ఒడ్డున సిరోంచ ఇంగ్లీషువారి చేతికి పోయెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా, ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కఱవయ్యెను. పనికి తొందర హెచ్చెను. దారిలో మూడుచోట్ల బండలు అడ్డము: మొదటిది దుమ్ముగూడెము, రెండవది ఇంద్రావతి కలిసిన పిమ్మట మన అడవుల కావలనున్న ఇచ్చంపల్లి, మూడవది ప్రాణహితపై దేవలమర్రి. హేగు దొర పనులు చూచెను. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపురము చేరెను. ప్రత్తి బండ్లు అటు మళ్ళినవి. 1871లో ప్రభుత్వము పని నిలిపివేసెను.

దుమ్ముగూడెమున ఆనకట్టయు, పడవలను మెట్టుమెట్టుగా దింపు లాకులును ఏర్పడెను. ఇచ్చంపల్లి పని పూర్తికాలేదు. కావుననే లాకు అను మాట కోనసీమలో పసిపిల్లలకు సైతము తెలియును. మనకు తెలిసినది చెరువు తూము. తెప్ప యొక్కటి మాత్రము ఆగలేదు. దాని కానకట్టయు లాకును అక్కరలేదు, వరదనీరు చాలును. పనులు నిలిచిన పిమ్మటను సిరోంచ టేకుదుంగలు తెప్పలై రాజమహేంద్రవరమునకు దిగుచునే యుండెను.