రక్తచక్కెర కొలతల చరిత్ర: ప్రయోగశాల నుండి ఇంటికి, మనిషి నుండి పిల్లికి

వ్యాససంగ్రహం

రక్తంలోని చక్కెరను కొలిచే పద్ధతులు ఇరవయ్యో శతాబ్దంలో ప్రయోగశాల నుండి రోగి ఇంటికి చేరాయి. మనిషి రక్తానికి అనుగుణంగా తయారైన ఆ పరికరాలే శతాబ్దాంతానికి పెంపుడు పిల్లుల చికిత్సలోనూ ప్రవేశించాయి. ఈ రెండు పరిణామాలనూ కాలక్రమంలో పరిశీలించి, పరికరం చూపే సంఖ్య ఏ శరీరాన్ని ప్రమాణంగా తీసుకున్నదో తెలిస్తేనే ఆ సంఖ్యకు అర్థం ఏర్పడుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మార్జాల మధుమేహం, గ్లూకోమీటరు, వర్ణమాపనం, యల్లాప్రగడ సుబ్బారావు, పశువైద్య విద్య, కోరుట్ల, వీర్నపల్లి.

1. ప్రవేశిక

మెట్రిక్ తూనికలు రాకముందు తెలుగు పల్లెల్లో ధాన్యాన్ని మానిక, తవ్వ, సోల, గిద్ద వంటి కొలపాత్రలతో కొలిచేవారు. సోలెడు వడ్లు, సోలెడు బియ్యం ఒకే బరువు తూగవన్న సంగతి ప్రతి గృహిణికీ తెలుసు. పాత్ర ఒకటే అయినా, అందులో పోసిన వస్తువును బట్టి కొలతకు అర్థం మారుతుంది. 1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టం ఆ పాత్రలను అంగడి నుండి తొలగించింది కాని, అవి నేర్పిన పాఠం నేటికీ చెల్లుతుంది. రక్తచక్కెర కొలతల చరిత్రలో ఆ పాఠం మధుమేహం సోకిన పిల్లి విషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

2. చీమ నుండి గాజునాళిక దాకా

మధుమేహాన్ని గుర్తించడంలో తొలి సాధనం మూత్రమే. రోగి మూత్రానికి చీమలు పట్టడాన్ని భారతీయ వైద్యులు ప్రాచీనకాలంలోనే గమనించారు. వ్యాధి పేరులోని 'మధు' శబ్దం ఆ పరిశీలనకు సాక్ష్యం. 1908లో స్టాన్లీ బెనెడిక్ట్ రూపొందించిన రాగి ద్రావణం ఈ పరిశీలనకు రంగుల కొలమానాన్ని సమకూర్చింది. మూత్రం కలిపి వేడిచేసినప్పుడు నీలిరంగు ద్రావణం, చక్కెర పాలు పెరిగినకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు రంగుల్లోకి మారుతుంది.

మూత్రపరీక్షకు ఒక సహజమైన పరిమితి ఉంది. రక్తంలో చక్కెర ఒక హద్దు దాటితేనే అది మూత్రంలోకి దిగుతుంది. ఆ హద్దు మనిషిలో డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు కాగా, పిల్లిలో 250 నుండి 300 వరకు ఉంటుంది. అందువల్ల మూత్రపరీక్ష పిల్లి విషయంలో మరింత ఆలస్యంగా హెచ్చరిస్తుంది. చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన సంగతిని అది అసలే చెప్పలేదు.

3. వర్ణమాపన యుగం – యల్లాప్రగడ సుబ్బారావు

రక్తంలోనే చక్కెరను కొలిచే పద్ధతుల్లో విస్తృతంగా వ్యాపించినది 1920లో ఆటో ఫోలిన్, సియెన్ వూ ప్రకటించిన పద్ధతి. చక్కెర రాగిని క్షయకరణం చేస్తుంది. ఆ రాగి ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లంతో చర్య జరిపి నీలిరంగును పుట్టిస్తుంది. ఆ రంగు గాఢతే చక్కెర పరిమాణాన్ని తెలుపుతుంది. ఫోలిన్ నాయకత్వంలోని హార్వర్డ్ జీవరసాయన విభాగంలోనే భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేశారు. సైరస్ ఫిస్కెతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ నిర్ధారణ పద్ధతి కూడా మాలిబ్డినం నీలం గాఢతను కొలవడంపైనే ఆధారపడింది. పదార్థాన్ని రంగుగా, రంగును సంఖ్యగా మార్చే ఈ సంప్రదాయంలో ఒక తెలుగు శాస్త్రవేత్తకు ముఖ్యమైన స్థానం ఉంది.

ఫోలిన్–వూ పద్ధతికి ఒక లోపం ఉండేది. రక్తంలోని ఇతర క్షయకరణ పదార్థాలను కూడా అది చక్కెరగానే లెక్కించేది. దానివల్ల ఫలితం అసలు విలువ కంటే కొంత ఎక్కువగా వచ్చేది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వాడుకలోకి వచ్చాకే కేవలం గ్లూకోజును గుర్తించడం సులభమైంది.

4. ప్రయోగశాల నుండి ఇంటికి

1956లో మూత్రంలోని గ్లూకోజుకు క్లినిస్టిక్స్ పట్టీ, తరువాతి దశకంలో రక్తానికి డెక్స్ట్రోస్టిక్స్ పట్టీ వచ్చాయి. పట్టీపై రంగును కంటితో పోల్చి చదవడంలో వ్యక్తిని బట్టి తేడా వచ్చేది. ఆ తేడాను తగ్గించడానికి ఏమ్స్ సంస్థ 1970లో కాంతి పరావర్తనాన్ని కొలిచే యంత్రాన్ని ప్రవేశపెట్టింది. కిలోకు పైగా బరువుండే ఆ యంత్రం ప్రధానంగా వైద్యశాలల కోసం ఉద్దేశించినది. 1962లో లీలాండ్ క్లార్క్ ప్రతిపాదించిన ఎంజైము ఎలక్ట్రోడు సూత్రం ఆధారంగా 1987లో కలం పరిమాణంలో ఎగ్జాక్‌టెక్ మీటరు వెలువడింది. దానితో రంగు స్థానాన్ని విద్యుత్ ప్రవాహం ఆక్రమించింది. రోగి వైద్యుడి కోసం వేచి ఉండకుండా తన సంఖ్యను తానే చూసుకోగలిగాడు.

ఈ చరిత్రలో జంతువుల పాత్ర గమనార్హం. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ కుక్క క్లోమాన్ని తొలగించి మధుమేహ మూలాన్ని కనుగొన్నారు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ పరిశోధన కూడా కుక్కలపైనే సాగింది. తరువాత దశాబ్దాల పాటు మనుషులకు పశువుల, పందుల క్లోమాల నుండి తీసిన ఇన్సులినే ఆధారం. జంతు శరీరం నుండి మనిషికి చేరిన వైద్యం, శతాబ్దాంతానికి మనిషి పరికరాల రూపంలో తిరిగి జంతువు వద్దకు వచ్చింది.

5. పిల్లి రక్తం, మనిషి కొలపాత్ర

పిల్లుల్లో మధుమేహం ఎక్కువగా మనిషి రెండో రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. వయసు మళ్లిన, ఊబకాయం గల, ఇంటిపట్టున ఉండే మగ పిల్లుల్లో ఇది అధికం. వైద్యశాలలో కొలత తీయడంలో ఒక చిక్కు ఉంది. బెదిరిన పిల్లిలో రక్తచక్కెర దానంతటదే పెరిగి, కొన్నిసార్లు 300 కూడా దాటుతుంది. ఈ కారణంగా ఇంటివద్ద, చెవి అంచు నుండి తీసిన చుక్కతో కొలిచే పద్ధతికి ప్రాధాన్యం పెరిగింది. జూరిచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000వ సంవత్సర ప్రాంతంలో ఈ విధానాన్నీ, మనుషుల మీటర్లు పిల్లుల్లో ఎంతవరకు సరిపోతాయన్న విషయాన్నీ పరీక్షించారు.

అప్పుడే సోలెడు వడ్ల సమస్య ఎదురైంది. మనిషి రక్తంలోని గ్లూకోజులో సుమారు 58 శాతం ప్లాస్మాలోనూ, 42 శాతం ఎర్రకణాల్లోనూ ఉంటుంది. పిల్లిలో ప్లాస్మా వాటా సుమారు 93 శాతం, కణాల వాటా 7 శాతమే. మనిషి మీటరు పూర్తి రక్తపు చుక్కను తీసుకుని, మనిషి నిష్పత్తిని అనుసరించి ప్లాస్మా విలువను లెక్కగడుతుంది. పిల్లి కణాల్లో చక్కెర దాదాపు లేనందున ఆ లెక్క చాలావరకు అసలు కంటే తక్కువగా తేలుతుంది. ఇంటి మీటర్ల కచ్చితత్వాన్ని నిర్దేశించే ఐఎస్ఓ 15197 ప్రమాణం 2013 నాటి రూపంలో, 100 మిల్లీగ్రాములు, అంతకు పైబడిన విలువల్లో 95 శాతం ఫలితాలు 15 శాతం తేడాలోపు ఉండాలని కోరుతుంది. ఆ ప్రమాణం మనిషి రక్తానికే పరిమితం.

జంతువుల కోసం ప్రత్యేకించిన ఆల్ఫాట్రాక్ మీటరులో కుక్కకూ పిల్లికీ వేర్వేరు సంకేత సంఖ్యలు అమర్చడం ఈ భేదాన్ని అంగీకరించడమే. పిల్లికి కుక్క సంకేతం పెడితే జంతువుల మీటరు కూడా తప్పు చెబుతుంది. ఇంటి పర్యవేక్షణ పద్ధతుల్లో మనిషి మీటరుపై సుమారు 50, జంతు మీటరుపై సుమారు 65 నుండి 70 కనిష్ఠ హద్దుగా పాటించడం వల్ల, ఒకే శరీరస్థితికి రెండు సంఖ్యలు ఏర్పడ్డాయి. మీటరు పేరు చెప్పకుండా '60 వచ్చింది' అంటే, ఒక పరికరంపై అది ఊరట, మరొకదానిపై ప్రమాద సూచన. పిల్లికి ఇచ్చే ఇన్సులిన్ మోతాదు సాధారణంగా ఒకటి రెండు యూనిట్లే కనుక, ఈ అపార్థం ప్రాణాంతకం కాగలదు. చర్మం కింది ద్రవంలో చక్కెరను 14 రోజుల వరకు నిరంతరం కొలిచే లిబ్రే వంటి పరికరాలు సూదిపోట్లను తగ్గించాయి. అయితే అవి కూడా మనిషి కోసం తయారైనవే. వాటి సంఖ్య రక్తంలోని మార్పుకు కొద్ది నిమిషాలు వెనుకబడి ఉంటుంది.

6. వీర్నపల్లి – కోరుట్ల – సిరిసిల్ల నేపథ్యం

తెలుగునాట పశువైద్యం ఎద్దు, గేదె, గొర్రె చుట్టూ పెరిగింది. 1946లో హైదరాబాదులో నెలకొన్న పశువైద్య కళాశాల వ్యవసాయ, పాడి అవసరాల నుండి పుట్టినది. 2017లో ఆరంభమైన గొర్రెల పంపిణీ పథకం వరకు ప్రభుత్వ దృష్టి జీవనాధార పశుసంపదపైనే నిలిచింది. కోరుట్లలోని పశువైద్య కళాశాల ఈ విద్యను ఉత్తర తెలంగాణకు చేరువ చేసింది. 2016లో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వీర్నపల్లి వంటి మండలంలో రక్తచక్కెర కొలత అంటే ఉపకేంద్రంలో మనుషులకు చేసే 'షుగరు' పరీక్షే. ఇటువంటి చోట పిల్లికి మధుమేహం సోకితే చేతికందేది మందుల దుకాణంలో దొరికే మనిషి మీటరే.

ఇన్సులిన్ విషయంలోనూ ఇటువంటి ప్రమాదమే పొంచి ఉంది. భారతదేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలు, 100 యూనిట్ల మందులు రెండూ చలామణిలో ఉన్నాయి. 40 యూనిట్ల సిరంజిలో 100 యూనిట్ల మందు నింపితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. విదేశాల్లోని తెలుగువారికి మరో తేడా ఎదురవుతుంది. కెనడా, బ్రిటన్ మీటర్లు చూపే మిల్లీమోల్ విలువను 18తో గుణిస్తేనే మన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది.

7. ముగింపు

పై పరిశీలన నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

• బెనెడిక్ట్ ద్రావణం నుండి నేటి సెన్సరు వరకు ప్రతి సాధనం చక్కెరను నేరుగా కాక, దాని జాడనే కొలిచింది. రంగు, కాంతి, విద్యుత్తు ఆ జాడకు వరుస రూపాలు.

• పరికరం చిన్నదైనకొద్దీ అందులోని ఊహలు వాడుకరి కంటికి మరుగయ్యాయి. మనిషి రక్తపు నిష్పత్తి అటువంటి ఊహ. పిల్లి రక్తం దానిని బయటపెట్టింది.

• మనిషి మీటరు పిల్లికి నిరుపయోగం కాదు. ఒకే మీటరును వాడుతూ, మీటరు పేరు, వేళ, మేత, మోతాదు కలిపి రాసిపెట్టి, అప్పుడప్పుడు ప్రయోగశాల ఫలితంతో సరిపోల్చితే, ఆ సంఖ్యల నడక చికిత్సకు అక్కరకొస్తుంది. రెండు మీటర్ల సంఖ్యలను ఒకే వరుసలో కలిపి రాయడం మాత్రం తగదు.

• పశువైద్య విద్యలో పెంపుడు జంతువుల ఇంటి పర్యవేక్షణకు చోటు పెరుగుతున్న కొద్దీ, కొలతతో పాటు కొలమానపు చరిత్రను కూడా బోధించవలసి ఉంది. పాత్రను ఎరగని కొలత వడ్లనూ బియ్యాన్నీ ఒకటిగానే చూపుతుంది.