విద్యుత్ ప్రణాళికలో ప్రజాభాగస్వామ్యం (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

కరెంటు కేంద్రాలు, సరఫరా ఖర్చులపై నిర్ణయానికి ముందు జనం మాట వినే పద్ధతి తెలుగు రాష్ట్రాల్లో రెండు పాయలుగా సాగింది. ధరలపై విద్యుత్ నియంత్రణ మండలి జరిపేది బహిరంగ విచారణ. కేంద్రం కట్టే చోటుపై కాలుష్య నియంత్రణ మండలి జరిపేది ప్రజాభిప్రాయ సేకరణ.

విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. 1981లో శ్రీశైలం జలవిద్యుత్ ప్రాజెక్టు ముంపులో నూటికి పైగా ఊళ్లు ఖాళీ అయ్యేనాటికి ప్రజాభిప్రాయ సేకరణ నిబంధన ఇంకా పుట్టలేదు.

1998 సంస్కరణల చట్టంతో పరిస్థితి మారింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. అదే ఏడు నియంత్రణ మండలి ఏర్పడి, 2000 మే నెలలో తొలి ధరల ఉత్తర్వు ఇచ్చింది. పెరిగిన చార్జీలపై ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు మరణించారు. వీధిలో మొదలైన ఆ వాదన తర్వాతి ఏళ్లలో విచారణ హాలులోనూ లెక్కలతో సాగింది. పంపిణీ సంస్థలు నవంబరు నెలాఖరుకల్లా మరుసటి ఏడాది ఆదాయ అవసరాల నివేదిక దాఖలు చేయాలి. పత్రికల్లో ప్రకటన వస్తుంది. రాతపూర్వక అభ్యంతరాలు, వాటికి సంస్థల జవాబులు, ఆపైన ముఖాముఖి విచారణ. ఉత్తర్వులో అభ్యంతరం, జవాబు, మండలి అభిప్రాయం ఒకదాని కింద ఒకటి అచ్చవుతాయి. రైతు సంఘాలు, పరిశ్రమల సంఘాలతో పాటు పాత్రికేయుడు ఎం. వేణుగోపాలరావు, పరిశోధకుడు ఎం. తిమ్మారెడ్డి ఏటా కొనుగోలు ఒప్పందాలనూ నష్టాల లెక్కలనూ ఓపికగా తరచి చూపారు. ఈ కృషి విలువైనది. 2003 విద్యుత్ చట్టం ప్రజల అభ్యంతరాలు పరిశీలించాకే ధరలు ఖరారు చేయాలని దేశమంతటికీ నిర్దేశించింది.

రెండో పాయకు అంత బలం చిక్కలేదు. 1997లో తప్పనిసరి అయిన ప్రజాభిప్రాయ సేకరణకు 2006 సెప్టెంబరు 14 నోటిఫికేషన్ నెల రోజుల ముందస్తు గడువు, వీడియో చిత్రీకరణ చేర్చింది. కానీ జనం వద్దన్నంత మాత్రాన అనుమతి ఆగదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర 2,640 మెగావాట్ల బొగ్గు కేంద్రాన్ని ప్రతిపాదించిన చోటు బీల. చుట్టుపక్కల పొలాలకు నీరు, మత్స్యకారులకు చేపలు ఇచ్చే చిత్తడి నేల అది. 2009 ఆగస్టు 18న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వ్యతిరేకత ఉన్నా అనుమతి వచ్చింది. 2010 జూలై 14న నిరసనకారులపై పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లాలో మరో బొగ్గు కేంద్రం తలపెట్టిన కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి.

తెలంగాణలో యాదాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రానికి జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాల తర్వాత 2024లో మళ్ళీ ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు.

సౌర విద్యుత్తుకు 2006 నోటిఫికేషన్ వర్తించదు. అందువల్ల రాయలసీమలో వేల ఎకరాల్లో వెలసిన సౌర పార్కులకు ఆ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరపాల్సిన అవసరం రాలేదు.